కాళ్ళు కడిగిన నీళ్ళు

1939 ఫిబ్రవరి చివర నన్ను నాగర్‌కర్నూలు మిషన్ దవాఖాన నుండి కోడేరు వైపు ఒక పల్లెకు క్యాంపు డ్యూటీ మీద పంపారు. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులను క్రైస్తవులం శ్రమకాలం అంటాం. ఆ రోజుల్లో దవాఖాన మనుషులను పల్లెల్లో ఉంచి పుండ్లకు కట్లు కట్టించడం మా మిషన్‌లో అలవాటు. భక్తి అందుకు ఒక కారణం. రెండోది నారి కురుపు. బావుల్లో నీళ్ళు అడుగంటే కాలమూ, శ్రమకాలమూ మా పాలమూరులో కలిసే వస్తాయి. జనానికి నారి దిగేది కూడా అప్పుడే.

నారి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. అది తెల్లని దారంలాంటి పురుగు. మనిషి ఒంట్లోనే మూరకు పైగా పెరిగి, చీలమండ దగ్గరో పిక్క మీదో బొబ్బ లేపి బయటికి తల పెడుతుంది. దాని కొసను చీపురుపుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెం తిప్పుతూ బయటికి తీయాలి. తొందరపడి లాగితే లోపల తెగుతుంది. తెగితే కాలు వాచి, చీము పట్టి, మనిషి నెలల తరబడి మంచానికి అతుక్కుపోతాడు. అందుకే నారి కట్టే పని నేర్పేటప్పుడు డాక్టరమ్మ మాకు మొదట చెప్పిన మాట మందు పేరు కాదు, "లాగొద్దు" అన్నదే.

దవాఖానలో డాక్టరమ్మ పెద్ద. ఆమె కింద నర్సమ్మలు, ఆ కింద కాంపౌండరు, అతని కింద డ్రెస్సరు. డ్రెస్సరు కట్లు కడతాడు, కాంపౌండరు చీటీ చూసి మందు కలుపుతాడు. నేను డ్రెస్సరుగా చేరి అప్పటికి కొత్తగా కాంపౌండరునయ్యాను. క్యాంపులో మళ్ళీ కట్లు కట్టే పనే అయినా సంతోషంగానే బయలుదేరాను. కారణం నా సంచిలో ఉంది. నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా నాగర్‌కర్నూలులో వకీళ్ళు నడుపుకునే చిన్న గ్రంథాలయంలో కూర్చుని సంపాదించుకున్నదే. ఆ వారమే అక్కడ ఆరోగ్య శాస్త్రం మీద ఒక తెలుగు పుస్తకం దొరికింది. నారి ఎక్కడి నుండి వస్తుందో అందులో బొమ్మలతో సహా ఉంది. చదివింది నలుగురికి చెప్పే అవకాశం కోసం అప్పటికే నా నాలుక దురద పెడుతోంది.

పల్లెలో మా సంఘాన్ని చూసేది శాంతయ్య అనే ఉపదేశి. ఉపదేశి అంటే పాస్టరు కంటే కింది మెట్టు. వారమంతా అందరితో పాటు కూలికి పోయి, ఆదివారం వాక్యం చెప్పేవాడు. బలమైన మనిషి, నవ్వితే నాలుగిళ్ళ అవతలికి వినబడేది. సంఘమంతా ఊరి చివర గుడిసెల్లో ఉండే కూలి కుటుంబాలు. మట్టిగోడల ప్రార్థన గది వెనక చిన్న చావడిలో నాకు బస ఇచ్చారు.

శ్రమకాలం మొదటి రోజు సాయంత్రం ప్రార్థన తర్వాత, ఈ నలభై రోజులకు ఎవరేం మానుకుంటారో చెప్పమని శాంతయ్య అడిగాడు. ఒకరిద్దరు కల్లు అన్నారు. ఒక ముసలాయన చుట్ట మానేస్తానంటే, పక్కనున్న భార్య ఇది మూడో ఏడాది మానడం అంది. ఒకతను మాంసం మానేస్తానన్నాడు. దొరికినప్పుడు మానుదువు గానీ ముందు దొరకనియ్యి అని వెనక నుండి ఎవరో అంటే గదంతా నవ్వింది. అప్పుడు మరియమ్మ మాట్లాడింది.

"మానుకునేటందుకు మనతాన ఏమున్నదయ్యా? చేతులున్నయి. ఆటినే ఇద్దం."

మరియమ్మ మంత్రసాని. మా గుడిసెల్లోనే కాదు, ఊళ్ళో రైతుల ఇళ్ళలో కూడా కాన్పులన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. ఆమెను ఇంట్లోకి రానిచ్చేది ఆ ఒక్క పనికే. పని ముగిశాక ఇల్లంతా కడుక్కునేవాళ్ళు. ఊళ్ళో సగం మంది బొడ్డు కోసిన మనిషి కాబట్టి ఆమె నోటికి ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. ఆ రోజు ఆమె మాట సంఘానికి నచ్చింది. ఈ శ్రమకాలంలో కూలి తీసుకోకుండా, బదులు చాకిరీ ఆశించకుండా ఇతరులకు ఏదైనా పని చేసిపెట్టాలని తీర్మానించారు. ఆ పని ఏదన్నది మాత్రం తేలలేదు.

నా మొదటి రోగి కూడా మరియమ్మే. ఆమె ఎడమ చీలమండ దగ్గర నారి దిగింది. కాలు నేల మీద మోపలేకపోతోంది. నేను పుల్లకు చుట్టి కట్టు కట్టిన మరునాడే నర్సిరెడ్డి పటేల్ వచ్చాడు. ఆయన ఊరి పెద్దరైతు, మెట్ట భూములున్నవాడు. గుడిసెల్లోకి రాకుండా దూరంగా రాతి మీద కూర్చుని నన్ను పిలిపించాడు. కొంచెం కుంటుతున్నాడు. ఏమైందని అడిగితే ముల్లు అన్నాడు.

ఆయన కోడలికి నెలలు నిండుతున్నాయి. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం అటూ ఇటూగా కాన్పు. నిరుడు ఎండాకాలం ఆ అమ్మాయి తొలి కాన్పు అప్పుడు మరియమ్మ ఇలాగే నారితో పడిపోయింది. పొరుగూరి నుండి మంత్రసానిని పిలిపించేలోగా బిడ్డ దక్కలేదు. ఈసారి కోడలు వేరేవాళ్ళను దగ్గరికి రానియ్యనని పట్టుబట్టిందట.

"సారూ, ఆమె లేసి నడుస్తదా లేదా గది చెప్పు. జర గట్టిగ గుంజి పారెయ్యరాదు?" అన్నాడు.

గుంజితే ఆ కాలు ఈస్టరు దాకా కాదు, వానాకాలం దాకా లేవదని చెప్పాను. ఓపిక పడితే కాన్పు నాటికి నడవవచ్చు, రెండో నారి దిగకపోతేనే సుమా అన్నాను. అసలు నారి పుట్టకుండా చేయాలంటే బావి సంగతి చూడాలని, ఇదే సందని నా పుస్తకం విప్పాను.

ఊరికంతటికీ తాగే నీళ్ళు ఒకే దిగుడుబావి నుండి. నర్సిరెడ్డి తాత తవ్వించింది. రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కుండలు ముంచేవాళ్ళు. మా వాళ్ళు మెట్లు దిగడానికి లేదు. గట్టు మీద ఖాళీ కుండలతో కాచుకుంటే, ఎవరైనా దయతలచి పైనుండి పోసేవాళ్ళు. ఎండాకాలంలో బావి పూడిక తీసేది మాత్రం మా వాళ్ళే. అడుగు దాకా దిగి బురద ఎత్తవచ్చు, మళ్ళీ నీళ్ళు ఊరిన దగ్గరి నుండి తాకకూడదు.

పుస్తకం చెప్పింది ఇది. నారి ఉన్న కాలు నీళ్ళలో పెడితే పురుగు తన పిల్లలను నీళ్ళలోకి వదులుతుంది. అవి కంటికి చుక్కల్లా కనబడే నీటిపురుగుల్లో చేరతాయి. ఆ నీళ్ళు తాగిన వాళ్ళకు దాదాపు ఏడాది తిరిగేసరికి నారి దిగుతుంది. నేను బావి నీళ్ళు గాజు గ్లాసులో పోసి ఎండకు పట్టుకుని చూపించాను. చుక్కలు ఎగురుతూ కనబడ్డాయి. మెట్లు మూసేసి, పైనుండి గిరక వేసి తోడుకుంటే చాలని చెప్పాను.

నర్సిరెడ్డి అడిగిన ప్రశ్న తెలివైనది. నోట్లకెళ్ళి కడుపులకు పోయిన పురుగు కాలిలకు ఎట్ల వస్తది, కడుపునొప్పి కద రావాలె అన్నాడు. పుస్తకం చూసి చెబుతాననవలసి వచ్చింది. ఆయన నవ్వి లేచాడు. తాత కట్టించిన మెట్లు మూసేది లేదు, నారి వాతం వల్ల వస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు అని చెప్పి కుంటుతూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రోజులు ఎక్కువ సరదాగానే గడిచాయి. పొద్దున కట్లు, మధ్యాహ్నం పుస్తకం. నేను గద్వాల వైపు వాణ్ణి. మాటల్లో అక్కడక్కడా కన్నడ ముక్క దొర్లితే పిల్లలు పట్టుకుని ఏడిపించేవాళ్ళు. సంఘం వాళ్ళు తమ మొక్కు ప్రకారం మంచాన పడ్డ వాళ్ళ పశువులకు మేత కోసుకొచ్చారు, కట్టెలు కొట్టిపెట్టారు. ఊళ్ళో రైతులకు కూడా చేశారు. వాళ్ళకు ఇదేదో కొత్తగా ఉండి, వెనక ఏం అడుగుతారో అని అనుమానంగా చూశారు. మరియమ్మ కాలు నెమ్మదిగా దారికొచ్చింది. రోజూ పుల్ల తిప్పడం అయ్యాక ఆమె కొలిచి చూసుకునేది. ఇంత పొడుగు పురుగును ఇంట్ల పెట్టుకొని కిరాయి కూడ తీసుకోలేదు చూడు అనేది.

శ్రమకాలం సగం గడిచాక ఒక గురువారం సాయంత్రం శాంతయ్య పాదాలు కడిగే ఆరాధన పెట్టాడు. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిన దానికి గుర్తుగా, సంఘంలో పెద్దవాడు చిన్నవాళ్ళ కాళ్ళు కడుగుతాడు. దీన్ని మామూలుగా ప్రభువు సిలువ మీద చనిపోయిన మంచి శుక్రవారానికి ముందటి రోజు చేస్తారు. మా వాళ్ళలో చాలామంది ఆ వారం పండుగకు నాగర్‌కర్నూలు మిషన్‌కు నడిచిపోయేవాళ్ళు కాబట్టి శాంతయ్య ముందుకు జరిపాడు. ఇత్తడి పళ్ళెం, చల్లని నీళ్ళు, భుజాన తువాలు. అందరికంటే ముందు మరియమ్మను కూర్చోబెట్టాడు. నారి ఉన్న ఎడమ కాలు కట్టులో ఉంది కాబట్టి, కుడికాలు పళ్ళెంలో పెట్టించాడు.

కుడికాలి మడమ పక్కన ఒక బొబ్బ ఉన్న సంగతి ఆమె నాకు చెప్పలేదు. చల్లని నీళ్ళు తగలగానే అది పగిలింది. నీళ్ళలోకి పాలలాంటి చార ఒకటి వదిలింది. దాని వెనకే తెల్లని తల బయటికొచ్చింది.

"సారూ, ఇంకొక సుట్టం దిగిండు," అంది మరియమ్మ.

గదిలో సగం మంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మట్టల ఆదివారం దగ్గరికొచ్చింది. ఆమెను ఆ కాలు మీద నిలబెట్టడం ఇక కుదరదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కొసను పట్టి పుల్లకు చుట్టి, పైన తడిగుడ్డ వేసే పనిలో మునిగిపోయాను. తలెత్తి చూసేసరికి శాంతయ్యా లేడు, పళ్ళెమూ లేదు. ఏడని అడిగితే, మిగతా వాళ్ళ కోసం నీళ్ళు మార్చి తేవడానికి పోయాడని ఒక ఆడమనిషి మామూలుగా చెప్పింది. ప్రార్థన చేసిన నీళ్ళు కదా, పదిమంది తొక్కే చోట పోయకూడదు, ప్రతి ఏడూ అయ్యగారు బావి గట్టు మీద, మన కుండలు పెట్టే రాళ్ళ మధ్య పోసి వస్తాడు అని.

ఆ రాళ్ళ మధ్య పోసింది ఎక్కడికి జారుతుందో నేను చూసి ఉన్నాను. గట్టు బావిలోకే వాలి ఉంది.

ఉరికాను. శాంతయ్య గట్టు ఎక్కి పళ్ళెం వంచబోతున్నాడు. చెయ్యి పట్టుకున్నాను. సగం నీళ్ళు నా మీద, సగం ఆయన మీద పడ్డాయి. ఈ నీళ్ళలో వేల పురుగుపిల్లలున్నాయి, బావిలో పడితే ఊరంతా తాగుతుంది అని గట్టిగా అరిచాను. అరవకుండా ఉంటే బాగుండేది. బావిలో నీళ్ళు ముంచుతున్న ఆడవాళ్ళకు అందులో ఒక్క సంగతే వినబడింది. గుడిసెల వాళ్ళు తమ కాళ్ళు కడిగిన నీళ్ళు తెచ్చి తమ బావిలో పోస్తున్నారు. కేకలు లేచాయి. రైతులు పొలాల నుండి వచ్చేవాళ్ళు వచ్చినట్టే గట్టు చుట్టూ మూగారు. ఒకరిద్దరి చేతుల్లో కర్రలున్నాయి. శాంతయ్య పళ్ళెం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆయన ముఖంలో నవ్వు లేకుండా చూడటం నాకు అదే మొదలు.

కింది మెట్టు మీది నుండి నర్సిరెడ్డి గొంతు వినబడింది. ఎవడు పోసింది, ఎవడు పోయమన్నది అని అడుగుతున్నాడు. నేను నోరు తెరిచేలోగా, వెనక ఇద్దరి భుజాల మీద చేతులు వేసి, గెంతుకుంటూ మరియమ్మ వచ్చింది. గట్టు మీద కూర్చుని కిందికి చూసింది.

"పటేలా, నా కాలు కడిగిన నీళ్ళు బావిల పడుతయని ఈ సారు పానం మీదికి తెచ్చుకొని ఉరికొచ్చిండు. నువ్వు దినాం పొద్దుగూకంగ ఆడ్నే కూసొని కాలు కడుగుతున్నవు. దానికి ఎవలు ఉరకాలె?"

అందరూ కిందికి చూశారు. నర్సిరెడ్డి కుడికాలు పిక్క దాకా నీళ్ళలో ఉంది. నారి మంటకు చల్లని నీళ్ళు హాయిగా ఉంటాయి. ఊళ్ళో ఆ బాధ ఉన్నవాళ్ళంతా రోజూ చేసేది అదే. ముల్లు అన్నది ముల్లు కాదు.

ఆయన మెల్లగా కాలు పైకి తీసుకుని, తువాలుతో తుడుచుకున్నాడు. గట్టు మీద ఒక ముసలమ్మ ఫక్కున నవ్వింది. ఆమె నర్సిరెడ్డి సొంత మేనత్త అని తర్వాత తెలిసింది. ఆ నవ్వుతో కర్రలు దిగిపోయాయి. మరియమ్మ మాత్రం ఆగలేదు. పైనుండి మీరు పోసింది పోసినట్టు మేం తాగుతున్నం, మీ అందరి కాళ్ళు మా కడుపులనే ఉన్నయి అంది. ఈసారి గట్టుకు రెండు వైపులా నవ్వారు.

నర్సిరెడ్డి మెట్లెక్కి పైకొచ్చి ఒక్కటే అడిగాడు. "ఈమె రెండో కాలు గూడ పోయింది. మరి నా కోడలి సంగతేంది?"

దాచకుండా చెప్పాను. నడవలేదు. కానీ చేతులకు ఏ జబ్బూ లేదు, కాలు తడవకుండా, నేల తగలకుండా చూస్తే మనిషిని మోసుకుపోవచ్చు. ఆయన బండి పంపిస్తానన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, గిరకకు తుమ్మదూలం పనికొస్తదా అని శాంతయ్యను అడిగాడు.

సంఘానికి పని దొరికింది. మరుసటి వారమంతా మా వాళ్ళు బావిలో ఉన్నారు. ముందు నీళ్ళు తోడి పారబోశారు. పూడిక ఎత్తి అడుగున సున్నం చల్లారు. కింది మెట్లను రాళ్ళతో మూసేశారు. గట్టును బయటికి వాలేలా మళ్ళీ పేర్చారు. పైన దూలం వేసి గిరక బిగించారు. పూడికకు ఏటా ఇచ్చే జొన్నలు నర్సిరెడ్డి బండి మీద పంపిస్తే శాంతయ్య తిప్పి పంపాడు. ఆయనకు కోపం వచ్చింది. ఊరికే చేయించుకుంటే తమ ఇంటికి మాట వస్తుందన్నాడు. ఇది మా మొక్కు పటేలా, నీ మీద అప్పుగ పెట్టేది కాదు అని శాంతయ్య చెప్పాడు. ఆయన చాలాసేపు వాదించి చివరికి, సరే, మీ దేవునికి చేసుకుంటున్నరు గావచ్చు, నడుమ నా బావి ఎందుకొచ్చిందో తెల్వదు అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మొదటిసారి నా దగ్గర కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. దవాఖానోళ్ళకు కులం ఉండదని తనకు తానే తేల్చుకుని, కాలు నా ముందు చాపాడు.

మట్టల ఆదివారం ఉదయం మేము ఈతమట్టలు పట్టుకుని పాడుతుండగానే బండి వచ్చింది. మరియమ్మను ఎత్తి కూర్చోబెట్టారు. నేను పుల్లలూ గుడ్డలూ పట్టుకుని వెనక నడిచాను. వాకిట్లో కూర్చున్న నాకు ఆమె గొంతు ఒక్కటే వినబడింది. పీట మీద కూర్చుని, రెండు కాళ్ళూ దిండు మీద చాపి, ఇంట్లో ఆడవాళ్ళందరినీ పరుగులు పెట్టించింది. మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినగానే నర్సిరెడ్డి తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు, వదులుగా ఉందని మళ్ళీ తీశాడు. తల్లీ పిల్లా క్షేమం. మరియమ్మ బయటికొచ్చేటప్పుడు మాత్రం నన్ను తిట్టింది. కట్టు మార్చే వేళ దాటిపోయిందట.

మరుసటి శ్రమకాలంలో డాక్టరమ్మ నన్ను అదే పల్లెకు పంపింది. నారి కేసులు లేకపోలేదు. మెట్లు మూయకముందు తాగిన నీళ్ళవి, ఏడాది లెక్క ప్రకారం వచ్చాయి. కానీ నిరుటితో పోలిస్తే చాలా తక్కువ. ఆ పై ఏడాది మా గుడిసెల్లో నేను పుల్లకు చుట్టవలసిన కాలు ఒక్కటి కూడా లేదు. తీసుకెళ్ళిన గుడ్డలు అలాగే తిరిగి తెచ్చాను. పురుగు కడుపులో నుండి కాలికి ఎలా వస్తుందో కూడా ఈలోగా ఇంకో పుస్తకంలో చదివి నర్సిరెడ్డికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, నమ్మలేదు.

ఒక సంగతి దాచకూడదు. గిరక వేసింది మా వాళ్ళే అయినా, దాని తాడు మా వాళ్ళ చేతికి రాలేదు. గట్టు మీద కుండలు పెట్టి కాచుకోవడం నేనెరిగిన కాలమంతా సాగింది. ఆ సంగతి తెలిసే వాళ్ళు ఆ వారమంతా బురద మోశారు. ఒక రోజు శాంతయ్యను అడిగాను, మనం తాకలేని బావికి ఎందుకింత చాకిరీ అని. తాకనిస్తరని చేస్తే అది కూలి అయితది సారూ అన్నాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో వీపనగండ్ల, వనపర్తి వైపు చాలా ఊళ్ళు తిరిగాను. ఆ క్యాంపు నాకు నేర్పింది ఇది: మనిషి కాళ్ళు కడగడంతో సేవ సగమే అవుతుంది, ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూసుకోవడం మిగతా సగం. ఏ ఊళ్ళో దిగినా మందుల పెట్టె విప్పకముందే వెళ్ళి బావి గట్టు ఎటు వాలి ఉందో చూడటం అప్పటి నుండి నా పద్ధతి అయింది.